భాష రాకుండా కామిక్స్ చదవడం చదవడమేనా? మా అమ్మ చదివింది

పదకొండేళ్ల మీ అబ్బాయి జపాన్ భాషలో ఉన్న కామిక్స్ పుస్తకం ముందేసుకుని గంటల తరబడి కూర్చుంటున్నాడనీ, ఒక్క అక్షరం రాని పుస్తకం చదవడం ఏమిటనీ, మాన్పించాలా అనీ అడిగారు. మాన్పించకండి. అది చదవడమే. భాష వచ్చినవాళ్లు చదివేదానికన్నా శ్రద్ధగా చదవడం అని కూడా అంటాను.

మాది నెల్లూరు జిల్లా పొదలకూరు. నా చిన్నతనంలో, అంటే 1980ల మొదట్లో, మా మామయ్య నిమ్మకాయల వ్యాపారం చేసేవారు. లారీ మీద మద్రాసు కొత్తవాల్ చావడికి సరుకు తోలి, బాకీలు వసూలు చేసుకుని, సెంట్రల్ స్టేషనులో రైలెక్కి తిరిగి వచ్చేవారు. స్టేషను పక్కనే మూర్ మార్కెట్. 1985లో తగలబడిపోయింది గానీ, అంతవరకూ అక్కడ పాత పుస్తకాల అంగళ్లు బారులు తీరి ఉండేవి. రైలుకు సమయం ఉంటే మామయ్య అక్కడికి వెళ్లి మా కోసం బొమ్మల పుస్తకాలు కొనేవారు. ఆయనకు తమిళం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కాబట్టి ఏది ఏమిటో చూడకుండా చేతికందినవి కట్ట కట్టించి తెచ్చేవారు. అన్నీ తమిళమే. మా చెల్లెలికీ నాకూ తమిళంలో 'అ' కూడా తెలియదు.

ఆ కట్టల్లో మాకు ప్రాణం ఇరుంబుక్కై మాయావి, అంటే ఇనుపచెయ్యి మాయావి. 1972లో శివకాశిలో మొదలైన ముత్తు కామిక్స్ మొట్టమొదటి పుస్తకం అతనిదే. అసలు అతను ఇంగ్లండులో పుట్టిన పాత్ర. 1962లో మొదలైన 'వేలియంట్' అనే వారపత్రికలో వచ్చేవాడు, బొమ్మలు గీసింది హేసూస్ బ్లాస్కో అనే స్పెయిన్ చిత్రకారుడు. ఇవన్నీ నేను పెద్దయ్యాక తెలుసుకున్న సంగతులు. అప్పుడు మాకు తెలిసిందల్లా బొమ్మల్లో కనిపించిందే. అతని కుడిచెయ్యి ఉక్కుది. కరెంటు షాకు తగిలితే మనిషి మాయమై, ఆ ఉక్కుచెయ్యి ఒక్కటే గాలిలో మిగులుతుంది. ఇంత తెలియడానికి తమిళం ఎందుకు? స్పెయిన్ ఆయన గీసిన బొమ్మ ఇంగ్లండు మీదుగా శివకాశి చేరి, అక్కడి నుంచి పొదలకూరులో మా అరుగు మీదికి వచ్చింది. ఎక్కడా ఆగలేదు.

మా అమ్మకు ఏ భాషా చదవడం రాదు. బడి ముఖం చూడలేదు, సంతకం అవసరమైన చోట వేలిముద్ర వేసేది. మా భుజం మీదుగా ఆ పుస్తకంలోకి ఒక్కసారి తొంగి చూసింది. సాయంత్రానికి ఇంట్లో ప్లగ్గు రంధ్రాలన్నీ ప్లాస్టరు కింద ఉన్నాయి.

నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇంకో పుస్తకం గురించి. దాని అట్ట ఊడిపోయింది, పేరు కూడా తెలియదు. టోపీలు, తుపాకులు, గుర్రాలు, ఎర్రటి కొండలు. ఒక మధ్యాహ్నం అమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ మా పక్కన కూర్చుంది. మేము మా ధోరణిలో పేజీలు తిప్పుతున్నాం. ఉన్నట్టుండి "ఆగు, వెనక్కి తిప్పు" అంది. తిప్పాను. ఇద్దరు మనుషులు గుర్రాల మీద కూర్చుని మాట్లాడుకుంటున్న బొమ్మ. వాళ్ల నెత్తిన పెద్ద మాటల బుడగ, సగం గడి దానికే సరిపోయింది. అమ్మకు ఆ బుడగతో పని లేదు. చేట పక్కన పెట్టి కింద, గుర్రం కాళ్ల దగ్గర వేలు పెట్టింది. మూడు కాళ్లు గట్టిగా నేలకు ఆనించి ఉన్నాయి. ముందరి కాలు ఒకటి మాత్రం గిట్ట కొన మీద నిలబెట్టి ఉంది, మోకాలు కొద్దిగా వంగి.

"దీనికి కాలు బాగాలేదు. వీడు దూరం పోలేడు, దిగి నడవాల్సిందే" అంది, మళ్లీ చేట అందుకుంటూ.

రెండు పేజీలు తిప్పేసరికి ఆ మనిషి కళ్లెం పట్టుకుని గుర్రాన్ని నడిపించుకుంటూ ఇసుకలో పోతున్నాడు. మా చెల్లెలు గట్టిగా అరిచింది. పుట్టినప్పటి నుంచి గేదెల మధ్య పెరిగిన మనిషి మా అమ్మ. కుంటే పశువు ఎలా నిలబడుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ చిత్రకారుడికీ తెలుసు. ఒకరి భాష ఒకరికి రాని ఆ ఇద్దరూ గుర్రం కాలి దగ్గర కలుసుకున్నారు.

మా పక్కింట్లో సూళ్లూరుపేట నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఉండేది. ఆమె తమిళం బాగా చదివేది. "ఇక్కడ ఏం రాసి ఉందో చదివి చెప్పవా పెద్దమ్మా" అని ఆ పేజీ పట్టుకుపోయాను. ఆ పెద్ద బుడగలో ఉన్నదంతా బంగారంలో ఎవరి వాటా ఎంత అన్న తగువు. గుర్రం ఊసే లేదు. పెద్దమ్మ మాటలన్నీ గడగడా చదివింది, గుర్రం కాలు మాత్రం చూడలేదు. నేను చూపించాక "అవును సుమా" అంది.

అప్పటి నుంచి నా అభిప్రాయం ఇదే. చదువు వచ్చినవాడి కన్ను ముందు అక్షరాల మీద వాలుతుంది, బొమ్మను చూసీ చూడనట్టు దాటేస్తుంది. కామిక్స్‌ను మొదటిసారి భాష లేకుండానే చదవాలి. మాటలతో పని లేదని అనను. పేర్లు, చుట్టరికాలు, పాత పగలు మాటల్లోనే తెలుస్తాయి. ముఖ్యంగా అబద్ధాలు. ఆ పుస్తకంలో సన్నగా నవ్వే ఒక బక్కమనిషి మొదటి నుంచీ అబద్ధమే చెబుతున్నాడని పెద్దమ్మ చదివితే గానీ మాకు తెలియలేదు. అంతకు మించి కొత్తగా తెలిసింది చాలా తక్కువ.

అయితే బొమ్మలున్న ప్రతి పుస్తకమూ ఇలా చదవడానికి లొంగదు. మామయ్య తెచ్చిన కట్టల్లో అంబులిమామ, అంటే తమిళ చందమామ, కూడా ఉండేది. చందమామ 1947లో మద్రాసు నుంచి తెలుగులోనూ తమిళంలోనూ మొదలైంది. ఒకే బొమ్మలు అన్ని భాషల సంచికల్లోనూ పడేవి. ఎంత చక్కటి బొమ్మలైనా పేజీకి ఒకటే, మిగతాదంతా అచ్చు. ఆ ఒక్క బొమ్మ దగ్గరే ఆగిపోయేవాళ్లం. కామిక్స్‌లో బొమ్మ తరువాత బొమ్మ వస్తుంది, రెంటి నడుమ జరిగింది మనమే ఊహించుకోవాలి. మీ అబ్బాయి అంతసేపు చేస్తున్న పని అదే.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పుకోనివ్వండి. బాపు వంటి చిత్రకారుడు పుట్టిన భాష మనది. రెండు గీతలతో మనిషి స్వభావం చెప్పగల చెయ్యి ఆయనది. అయినా పిల్లలకు నెల నెలా ఒక తెలుగు కామిక్స్ పుస్తకం కొనిద్దామంటే నెల్లూరు బజారంతా తిరగాలి. తమిళంలో ముత్తు కామిక్స్ యాభై ఏళ్లు దాటింది. మనకు దొరికే కొద్దిపాటి పుస్తకాల్లో కూడా బొమ్మలో కత్తి దూస్తుంటే పైన "అతడు కోపంతో కత్తి దూశాడు" అని రాసి ఉంటుంది. కనిపిస్తూనే ఉంది కదా! మా బడిలో ఉన్న కాసిని బొమ్మల పుస్తకాలనూ అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు, చదువు పాడవుతుందని. ఏ చదువు పాడవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక మీ అబ్బాయి సంగతి. ముందుగా, పుస్తకం ఏ వైపు నుంచి తెరుస్తున్నాడో చూడండి. జపాన్ కామిక్స్ మనకు చివరి అట్ట అనిపించే వైపు మొదలవుతుంది. పేజీలో గడులు కుడి నుంచి ఎడమకు చదవాలి. మనలాగా ఎడమ నుంచి చదివితే దెబ్బ ముందు, చెయ్యెత్తడం తరువాత వస్తాయి. వాళ్ల గుర్తులు కొన్ని అలవాటు కావాలి. నుదుటి మీద ఉబ్బిన నరాల గుర్తు ఉంటే కోపం, చెంప పక్కన పెద్ద చెమట చుక్క ఉంటే ఇబ్బంది. బుడగ అంచు ముళ్లుముళ్లుగా ఉంటే అరుపు. బుడగలకు బయట, బొమ్మలోనే కలిపి పెద్దగా గీసిన అక్షరాలు చాలావరకు చప్పుళ్లు. ఇంత తెలిస్తే చాలు, మిగతాది వాడే పట్టుకుంటాడు. ఫోను కెమెరా పెట్టి అనువాదం చూపించే సాధనాలు ఉన్నాయని ఎవరైనా చెబుతారు. పుస్తకం ఒకసారి పూర్తయ్యే వరకు వాటిని వాడి దరికి రానివ్వకండి.

మీ ఇంట్లో చదువు రాని పెద్దవాళ్లు, మీ అమ్మగారో అత్తగారో, ఎవరైనా ఉంటే ఒక పూట వాడిని వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. పేజీలు నెమ్మదిగా తిప్పమని, ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగమని చెప్పండి. వాళ్లు వేలు ఎక్కడ పెట్టారో వీలైతే ఇక్కడ రాయండి, నాకు తెలుసుకోవాలని ఉంది.