గ్రూప్-2 సిలబస్ రెండుసార్లు చదివాను, అయినా మాక్ టెస్ట్ రాయాలంటే భయమేసి రోజూ రేపటికి నెడుతున్నాను. రాత్రి నిద్ర కూడా పట్టడం లేదు. ఈ బద్ధకం పోయేదెలా?

ఇది బద్ధకం కాదండీ. బద్ధకమైతే పడుకుంటే హాయిగా ఉండాలి, మీకేమో నిద్రే పట్టడం లేదంటున్నారు. సిలబస్ రెండుసార్లు చదివీ గ్రూప్-2 మాక్ టెస్ట్ ముట్టుకోలేకపోవడానికి కారణం వచ్చే మార్కులంటే ఉన్న భయం. "పాలిటీ ఇంకోసారి తిరగేసి రాద్దాంలే" అనుకోగానే గుండె తేలికపడుతుంది చూడండి, ఆ ఊరటే అసలు చిక్కు. వాయిదా వేస్తే హాయి అని మనసు నేర్చేసుకుంటుంది, రేపటికి భయం ఇంకాస్త ముదురుతుంది. వాయిదాకు మూలం సమయపాలన కన్నా చేదు భావాల నుంచి తప్పించుకోవడమేనని సిరోయి, పిచిల్ అనే మనస్తత్వవేత్తలు 2013లో వివరించారు. కాబట్టి కొత్త టైంటేబుల్ గీసి లాభం లేదు.

ఏపీపీఎస్సీ గ్రూప్-2 ప్రిలిమ్స్‌లో 150 నిమిషాలకు 150 ప్రశ్నలు. ఈ రాత్రికి పదే తీసుకోండి, ఫోన్‌లో పది నిమిషాలు పెట్టుకోండి. మొదలుపెట్టే ముందు ఎన్ని తప్పుతాయని భయమో కాగితం మీద అంకె వేయండి. దిద్దాక అసలు అంకె పక్కన రాయండి. దడ తగ్గేదాకా ఆగకండి, దడతోనే మొదటి ప్రశ్న చదవండి. వారం తర్వాత ఇరవై ప్రశ్నలకు వెళ్లండి.

అప్పటికీ నిద్ర, ఆకలి దెబ్బతింటుంటే ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.