'జోయి' ఎందుకు ఎక్కలేదంటే

అమెరికన్ కామెడీ సిరీస్ 'ఫ్రెండ్స్' అయిపోయిన రాత్రే, అందులోని జోయి పాత్రతో తీసిన 'జోయి' మొదలుపెట్టి మూడో ఎపిసోడ్‌కే ఆపేశానన్నారు, ఇక ఇలాంటి స్పిన్ఆఫ్‌లు (పాత సిరీస్‌లోని పాత్రతో తీసే కొత్త సిరీస్‌లు) చూడాలా వద్దా అని అడిగారు. లోపం మీ మూడ్‌ది కాదు. 'ఫ్రెండ్స్'లో జోయి ఏదో అంటాడు, పక్కన అతని స్నేహితుడు చాండ్లర్ మొహం మారుతుంది, నవ్వు అక్కడ పుట్టేది. జోయి ఒక్కడినే లాస్ ఏంజెలిస్‌కి పంపడమంటే మన కర్నూలులో బజ్జీ లేకుండా ఉగ్గాని పెట్టినట్టే. 'జోయి' 2004లో మొదలై 2006లోనే ఆగిపోయింది.

1. అసలుది అయ్యాక కనీసం ఒక నెల గ్యాప్ ఇవ్వండి.

2. చాలామంది పట్టించుకోనిది ఇది: పాత పాత్ర ఎవరిదన్నది కాదు, ఆ పాత్ర పక్కన కొత్తగా ఎవరిని పెట్టారో ముందు చూడండి. బోస్టన్‌లోని ఒక బార్‌లో నడిచే 'చీర్స్' ముగిసిన 1993లోనే, అందులోని ఫ్రేజియర్ పాత్రతో 'ఫ్రేజియర్' వచ్చింది. బోస్టన్ బార్‌ని అక్కడే వదిలేసి, సియాటిల్‌లో అతనికంటే చాదస్తపు తమ్ముడు నైల్స్‌ని, ఈ ఇద్దరి డాబు అస్సలు గిట్టని మాజీ పోలీసు తండ్రిని పెట్టారు, అంతే, ప్రతి సీన్‌లో గొడవ దానంతటదే పుడుతుంది. 11 సీజన్లు నడిచింది, ఉత్తమ కామెడీ సిరీస్‌గా వరుసగా ఐదేళ్లు అమెరికా టీవీ అవార్డు ఎమ్మీ గెలిచింది. నాకు అసలుదానికంటే ఇదే ఎక్కువ ఇష్టం. 'చీర్స్' చూడకపోయినా అర్థమవుతుంది.

3. 'బిగ్ బ్యాంగ్ థియరీ'లోని షెల్డన్ చిన్ననాటి కథ 'యంగ్ షెల్డన్' అయితే, ఆ పాత సిరీస్‌లా వెనక నవ్వులు వినిపించవు. ఇల్లు, అమ్మానాన్నల కథ అనుకుని చూడండి.

ముందు 'ఫ్రేజియర్' మొదటి ఎపిసోడ్ పెట్టండి, తండ్రి పాత కుర్చీ ఇంట్లోకి వచ్చే సీన్ దాకా ఆపకండి.