క్లస్టరింగ్ మీద పని మొదలుపెడుతున్న సుధకి

చి. సుధకి ఆశీస్సులు.

"క్లస్టరింగ్ ఎలాగూ ఎన్‌పీ-హార్డ్ కదా, ఏదో ఒక హ్యూరిస్టిక్ పెట్టేస్తే సరిపోదా" అని అడిగావు. క్లస్టరింగ్ అంటే దగ్గరగా ఉన్న బిందువుల్ని గుంపులుగా విడదీయడం. ఎన్‌పీ-హార్డ్ అంటే కచ్చితమైన జవాబు ఎప్పుడూ త్వరగా ఇచ్చే పద్ధతి ఇంతవరకూ తెలియని సమస్య, హ్యూరిస్టిక్ అంటే కచ్చితత్వానికి హామీ లేని అడ్డదారి. అంత తొందర వద్దమ్మా. దేన్ని తగ్గించాలనుకుంటున్నావు, గుంపుల సంఖ్య ముందే ఖాయమా, డైమెన్షన్లు (ఒక్కో బిందువుకి ఉన్న కొలతలు) ఎన్ని... ఇవి కాగితం మీద పెట్టేదాకా నీ సమస్య కష్టమో సులువో ఎవరూ చెప్పలేరు.

ఒక్కటి దగ్గరగా చూద్దాం. ఒకే గుంపులో పడిన ఏ రెండు బిందువులూ మరీ దూరంగా ఉండకూడదు, అంటే ఆ గరిష్ఠ దూరాన్ని వీలైనంత తగ్గించాలి. ఏదైనా గ్రాఫ్ (నోడ్లనే చుక్కలు, వాటిని కలిపే ఎడ్జ్‌లనే గీతలు) తీసుకో. ఎడ్జ్ ఉన్న నోడ్ల మధ్య దూరం 2, లేనివాటి మధ్య 1 అనుకో. మూడు గుంపులు చేసి, ఏ గుంపులోనూ దూరం 1 దాటకుండా చూడగలిగావంటే ఎడ్జ్ ఉన్న రెండు నోడ్లకి ఒకే రంగు పడకుండా ఆ గ్రాఫ్‌కి మూడు రంగులు వేసేసినట్టే. అది ఎన్‌పీ-కంప్లీట్ సమస్య. పైగా 1కి, 2కి మధ్య వేరే దూరమే లేదు. కాబట్టి పీ (త్వరగా తేల్చగలిగే సమస్యలు), ఎన్‌పీ (జవాబు ఇస్తే త్వరగా సరిచూడగలిగే సమస్యలు) ఒకటైతే తప్ప, ఉత్తమ జవాబుకి రెట్టింపు కంటే మెరుగైన హామీ ఇచ్చే పాలినోమియల్ (ఇన్‌పుట్ పెరిగినా సమయం అదుపు తప్పని) అల్గారిథమ్ దొరకదు. ఆ రెట్టింపు హామీ మాత్రం 1985లోనే గొంజాలెజ్ ఇచ్చాడు: ఎప్పటికప్పుడు అన్నిటికన్నా దూరంగా ఉన్న బిందువుని కొత్త కేంద్రంగా తీసుకుంటూ పోవడమే. ఇంత చిన్న పద్ధతి సరిగ్గా ఆ హద్దు దగ్గరే ఆగడం నాకు ఇప్పటికీ అబ్బురమే. అదే రెండు గుంపులైతే, రెండు రంగులు సరిపోతాయా అని చూసుకుంటే చాలు, చిటికెలో పని. ఈ నిరూపణ నువ్వే ఒకసారి చేత్తో రాయి.

కె-మీన్స్ సంగతీ అంతే. అందులో ప్రతి బిందువుకీ తన గుంపు కేంద్రానికీ మధ్య దూరాల వర్గాల మొత్తాన్ని తగ్గించాలి, దాన్నే ఖర్చు అంటాం. బిందువులన్నీ ఒకే సరళరేఖ మీద ఉంటే డైనమిక్ ప్రోగ్రామింగ్‌తో (చిన్న ముక్కల జవాబుల్ని దాచుకుని పెద్దదానికి వాడటంతో) కచ్చితమైన జవాబే వస్తుంది. సమతలంలోకి వచ్చి, గుంపుల సంఖ్య కూడా ఇన్‌పుట్‌లో భాగమైతే ఎన్‌పీ-హార్డ్. గుంపులు రెండే అయినా డైమెన్షన్లు పెరుగుతూ పోతే అదీ ఎన్‌పీ-హార్డే. రెండూ స్థిరంగా ఉంటే పాలినోమియలే గానీ, ఆ ఘాతం చూస్తే ప్రోగ్రామ్ రాయబుద్ధి కాదు.

ఇంకో మాట. సమస్య ఎంత కష్టమన్నది వేరు, లాయిడ్ పద్ధతికి ఎంతసేపు పడుతుందన్నది వేరు. లాయిడ్ అంటే ప్రతి బిందువునీ దగ్గరి కేంద్రానికి చేర్చి, కేంద్రాన్ని ఆ గుంపు సగటుకి జరిపి, మార్పు ఆగేదాకా మళ్లీ మళ్లీ అదే చెయ్యడం. సమతలంలోనే దాన్ని ఎక్స్‌పొనెన్షియల్ మెట్లు (బిందువులు పెరిగేకొద్దీ విపరీతంగా పెరిగే మెట్లు) ఎక్కించే బిందువులున్నాయని వట్టానీ అనే పరిశోధకుడు చూపించాడు. మామూలు డేటా మీద అది త్వరగానే ఆగుతుంది, ఆ విషయంలో టెన్షన్ పడకు. ఎక్కడ ఆగిందన్నదే చూడు. పొడవు 10, ఎత్తు 1 ఉన్న దీర్ఘచతురస్రం నాలుగు మూలల్లో నాలుగు బిందువులు పెట్టి రెండు గుంపులు చెయ్యి. ఎడమ జంట, కుడి జంటగా విడదీస్తే ఖర్చు 1. పై అంచు మధ్యలో ఒక కేంద్రం, కింది అంచు మధ్యలో ఇంకొకటి పెట్టి మొదలెడితే లాయిడ్ అక్కడే ఆగిపోతుంది, ఖర్చు 100. పొడవు 100 చేస్తే అది 10,000 అవుతుంది, సరైన జవాబు మాత్రం 1 దగ్గరే ఉంటుంది. అందుకే మొదటి కేంద్రాల్ని గుడ్డిగా ఎంచకు. 2007లో వచ్చిన కె-మీన్స్ ప్లస్ ప్లస్ వాడు, అది దూరంగా ఉన్న బిందువులకి ఎక్కువ అవకాశమిస్తూ మొదటి కేంద్రాల్ని ఎంచుతుంది. సగటున ఖర్చు ఉత్తమ ఖర్చుకి లాగ్ కె (కె అంటే గుంపుల సంఖ్య) రెట్ల స్థాయిలోనే ఉంటుందన్న హామీ ఉంది. చాలాసార్లు నడిపి, వాటిలో తక్కువ ఖర్చున్నది ఉంచుకో. రిపోర్టులో మాత్రం దాన్ని "ఆప్టిమల్" అని రాయకు.

నీ డేటాలో డైమెన్షన్లు ఎన్నో, గుంపుల సంఖ్య ఎవరు నిర్ణయిస్తారో రాసి పంపు. ఆ రెండూ తెలిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో కూర్చుని చూద్దాం.

నీ పెదనాన్న