పార్కిన్సన్స్ ఉన్న నాన్నను నడిపించాలా, కూర్చోబెట్టాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కర్నూలు. మా నాన్నకు 66 ఏళ్లు, ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. మూడేళ్ల కిందట పార్కిన్సన్స్ అని చెప్పారు, అప్పటి నుంచి మాత్రలు వాడుతున్నారు. చేతి వణుకు తగ్గింది గానీ నడక పాడైంది. అన్నీ చిన్న చిన్న అడుగులే. బాత్రూమ్ గడప దగ్గరికి రాగానే కాళ్లు కదలవు. వాకింగ్ చేయించమని డాక్టర్ చెప్పారు, పడిపోతారని అమ్మ బయటికి పంపడం లేదు. నడిపించాలా? నడిస్తే జబ్బు తగ్గుతుందా?

జవాబు: నడిపించాలమ్మా, అనుమానమే వద్దు. మీ అమ్మ భయాన్ని కూడా నేను కొట్టిపారేయను, ఈ జబ్బులో కింద పడి తుంటి ఎముక విరిగి మంచాన పడేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ పడతారని కుర్చీకే పరిమితం చేస్తే కాళ్లలో సత్తువ పోతుంది, కీళ్లు బిగుసుకుంటాయి, అప్పుడు బాత్రూమ్‌కని లేచినా పడతారు. కాబట్టి నడిపించాలా వద్దా అని ఇంట్లో గొడవ పడకండి, ఎలా నడవాలో ఆయనకు కొత్తగా నేర్పించండి.

ఎందుకు నేర్పించాలంటే, మామూలుగా మనం అడుగు గురించి ఆలోచించకుండానే నడుస్తాం. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోవడంతో ఈ జబ్బులో ముందు దెబ్బతినేది ఆ అలవాటు నడకే. కావాలని, చూసుకుని, ఇదిగో ఇక్కడ అడుగు వేస్తున్నాను అనుకుని వేసే నడకకు మెదడులో వేరే దారి ఉంది, అది చాలావరకు బాగానే ఉంటుంది. అందుకే చదునైన నేల మీద ఇరుక్కుపోయే మనిషి మెట్లు మాత్రం టకటకా ఎక్కేస్తాడు, ఒక్కో మెట్టు అంచు కంటికి గుర్తులా పనిచేస్తుంది కాబట్టి. ఇంట్లోవాళ్లేమో 'మెట్లెక్కగలిగినోడు వసారాలో నడవలేడా, అంతా నాటకం' అంటారు. నాటకం కాదు, ఆ మాట ఎవరైనా అంటుంటే దయచేసి ఆపించండి.

మన వైపు చాలా ఇళ్లలో బేతంచెర్ల బండలు పరిచి ఉంటాయి కదా, ఆ బండల అతుకులు ఆయనకు బాగా పనికొస్తాయి. గీతను దాటుతూ అడుగు వేయమని చెప్పండి. రెండడుగుల బండైతే అంత దూరం కాలు పడదు, అప్పుడు రంగు ఇన్సులేషన్ టేపు తెచ్చి ఒకటిన్నర అడుగుకో గీత చొప్పున మంచం నుంచి బాత్రూమ్ దాకా అడ్డంగా అంటించండి, గడపకు రెండు వైపులా తప్పకుండా. పాలిష్ బండ మీద నీళ్లు పడితే మనమే జారతాం, కాబట్టి ఎప్పటికప్పుడు తుడవాలి. హవాయి చెప్పులు మానిపించి, వెనక పట్టీ ఉన్నవి వేయించండి.

గడప దగ్గర ఆగిపోయినప్పుడు చెయ్యి పట్టి ముందుకు లాగొద్దు. లాగితే పాదాలు అక్కడే ఉండి ఒళ్లు ముందుకు పడిపోతుంది. ఆగనివ్వండి. నిటారుగా నిలబడి, బరువును ఒక కాలి మీదికి, తర్వాత రెండో కాలి మీదికి మార్చమనండి, ఆ తర్వాత లెక్క పెట్టుకుని మోకాలు బాగా ఎత్తి పెద్ద అడుగు వేయమనండి. మీ నాన్న కండక్టర్ కదా, లెక్కెందుకు, 'రైట్ రైట్' అని ఆయన్నే గట్టిగా అనమనండి! నవ్వులాటకు అనడం లేదు, తాళం పట్టుకుని అడుగు వేస్తే కాలు కదలడం ఈ జబ్బులో బాగా తెలిసిన విషయమే. తిరగాల్సి వచ్చినప్పుడు ఉన్నచోటే గిర్రున తిరగకుండా కొంచెం చుట్టు తీసుకుని తిరగాలి. నడుస్తూ ఫోన్ మాట్లాడటం, చేతిలో పాల ప్యాకెట్ పట్టుకోవడం వద్దు, ధ్యాసంతా అడుగు మీదే ఉండాలి.

టైమ్ కూడా ముఖ్యం. ఈ జబ్బుకు ఇచ్చే లెవోడోపా మాత్ర వేసుకున్నాక అరగంట నుంచి గంటలోపు ఒళ్లు తేలికపడుతుంది, వాకింగ్‌కు అదే సరైన వేళ. మాత్రను తిండికి అరగంట ముందు గానీ, తిన్న గంట తర్వాత గానీ నీళ్లతో వేసుకుంటే మేలు. పప్పు, గుడ్డు, పాలతో కలిపి వేసుకుంటే వాటిలోని ప్రోటీన్ మందును సరిగ్గా ఒంటికి పట్టనివ్వదు. లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరగడం ఈ జబ్బులో మామూలే, మన కర్నూలు ఎండలకు అది ఇంకా ఎక్కువ. మంచం అంచున కాసేపు కూర్చుని, నీళ్లు తాగి లేవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండెక్కక ముందే నడక అయిపోవాలి. కొండారెడ్డి బురుజు దగ్గర రద్దీలో వద్దు, సమంగా ఉన్న గ్రౌండ్‌కు తీసుకెళ్లండి, పక్కన ఒకరు ఉండాలి. మొదట పది నిమిషాలు చాలు, మెల్లగా పెంచుతూ వారానికి 150 నిమిషాలకు చేరండి. ఆయాసం కొంచెం రావాలి, అయినా మాట్లాడగలగాలి. గుండె జబ్బు ఉంటే ముందు ఆ డాక్టర్‌ను అడగండి.

జబ్బు తగ్గుతుందా అంటే, పూర్తిగా పోదు. 2018లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో 128 మందిని తీసుకున్నారు. గుండె వేగం గరిష్ఠంలో 80–85 శాతానికి చేరేలా ట్రెడ్‌మిల్ మీద గట్టిగా నడిచినవాళ్లలో ఆరు నెలల తర్వాత లక్షణాలు దాదాపు అక్కడే ఆగాయి, అలా నడవకుండా ఎప్పటిలాగే ఉన్న రోగుల్లో పెరిగాయి. కాకపోతే వాళ్లంతా జబ్బు కొత్తగా బయటపడి, ఇంకా మందులు మొదలుపెట్టనివాళ్లు. మీ నాన్నకు అంత వేగం ఇప్పుడు వద్దు, ఫిజియోథెరపిస్ట్ చూసి చెప్పాక ఆలోచిద్దాం. చేతికర్ర కావాలా, వాకర్ కావాలా అన్నది కూడా వాళ్లనే అడగండి. చక్రాలు లేని వాకర్ కొందరిలో ఇరుక్కుపోవడాన్ని ఇంకా పెంచుతుంది.

ఇంకొకటి, వాంతులకో కళ్లు తిరగడానికో మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చి వేస్తున్నారా? మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజీన్, సిన్నారిజీన్ లాంటివి ఈ జబ్బును ఎక్కువ చేస్తాయి. ఉంటే న్యూరాలజిస్ట్‌కు చూపించండి. పార్కిన్సన్స్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, డోసు మార్చొద్దు.

ఆయన గడప దగ్గర ఆగిపోయినప్పుడు పక్కన ఇంకొకరు ఉంటే ఫోన్‌లో వీడియో తీయించండి, మాత్ర వేసుకుని ఎంతసేపైందో రాసి పెట్టండి. డాక్టర్ ముందు చాలామంది చక్కగా నడిచేస్తారు, ఆ వీడియో చూస్తేనే మాత్రల టైమింగ్ మార్చాలో లేదో వాళ్లకు తెలుస్తుంది.