‘గుడ్ ఓమెన్స్’ సిరీస్ నవలకు ఎంత దగ్గరగా ఉంది?

మొదటి సీజన్ చాలా దగ్గరగా ఉంది. టెర్రీ ప్రాచెట్, నీల్ గైమన్ 1990లో రాసిన హాస్య నవల అది. లోకం అంతమయ్యే గడియను ఆపాలని దేవదూత అజిరఫేల్, నరకదూత క్రౌలీ చేసే ప్రయత్నమే కథ. 2019 నాటి ఆరు భాగాల్లోనూ అదే కనిపిస్తుంది.

నవలకు ప్రాణం కథకుడి చమత్కారం. దాన్ని తెరకెక్కించడమే కష్టం. అందుకే వ్యాఖ్యానాన్ని దేవుడి గొంతుకు, అంటే నటి ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్‌కు అప్పగించారు. మంచి నిర్ణయం.

నాకు అన్నిటికంటే నచ్చింది మూడో భాగం ఆరంభం. ఇద్దరి ఆరు వేల ఏళ్ల స్నేహాన్ని దాదాపు అరగంట చూపిస్తారు. నవలలో ఆ ఘట్టం లేదు, అయినా డేవిడ్ టెనెంట్, మైకేల్ షీన్ నటనతో కథకు అదే గుండెకాయ అయింది. 2023 నాటి రెండో సీజన్‌కు మాత్రం నవల ఆధారం కాదు.