ఫ్రోజన్ షోల్డర్‌కి మిషన్ పెట్టించాలా, చేత్తో చేసే ఫిజియోథెరపీకి పోవాలా?

మీ అమ్మగారికి 52 ఏళ్లు, షుగర్ ఉంది, 4 నెలలుగా కుడిచెయ్యి పైకి లేవడం లేదు, డాక్టరు ఫ్రోజన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోవడం) అన్నారని రాశారు. బాబూ, నాకూ ఇదే వచ్చింది. కర్నూలులోనే చూపించుకున్నాను. చేత్తో చేసేవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి.

జొన్నరొట్టె తట్టేటప్పుడు భుజం లోపల పట్టేయడంతో మొదలైంది. కొన్నాళ్లకి జడ వేసుకుందామంటే చెయ్యి వెనక్కి పోలేదు. ఆ పక్కకి ఒత్తిగిలితే రాత్రంతా జాగారమే. ఎవరో చెప్పారని ఒకాయన దగ్గరికి పోతే, చెయ్యి పట్టుకుని ఒక్కసారిగా పైకి లాగాడు. 3 రోజులు అన్నం కలుపుకోలేకపోయాను. అలా మాత్రం ఎవరినీ లాగనివ్వొద్దు. తర్వాత ఒక క్లినిక్‌లో 10 రోజులు మిషన్ పెట్టి కరెంటు ప్యాడ్లు అతికించారు. నొప్పి ఆ పూటకి తగ్గేది, చెయ్యి మాత్రం లేచేది కాదు.

ఆ తర్వాత దొరికిన ఫిజియో అమ్మాయి మోచెయ్యి నడుముకి ఆనించి, ముంజేతిని బయటికి తిప్పమంది. ఎడమది తలుపు తీసినట్టు పోయింది, కుడిది కదల్లేదు. ఈ జబ్బులో ముందు పోయేది ఆ తిరుగుడేనట. కీలు చుట్టూ ఉండే పొర మందమై బిగుసుకుపోతుంది, షుగర్ ఉన్నవాళ్లకి ఇది ఎక్కువ.

ముందు వేడి కాపడం. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, ఒక చేత్తో నా చెయ్యి పట్టుకుని, రెండో అరచెయ్యి భుజం ఎముక మీద ఆనించి మెల్లమెల్లగా కిందికి నొక్కేది. ఒకే లయలో, చిన్నచిన్నగా. చెయ్యి పైకి ఎత్తాల్సింది పోయి కిందికి నొక్కుతుందేమిటి అనుకున్నాను. ఎముక గుండు గూట్లో కాస్త కిందికి జారితేనే చెయ్యి పైకి పోతుందని చెప్పింది. "పళ్లు బిగపట్టొద్దమ్మా, నొప్పైతే చెప్పండి" అనేది ప్రతిసారీ.

అయితే అక్కడ వదులైంది ఇంట్లో నిలబెట్టుకోవాలి. రోజూ గోడ మీద వేళ్లు పాకిస్తూ, ఎంతవరకు పోతే అక్కడ పెన్సిల్ గీత పెట్టేదాన్ని. 6 వారాలకి గీత జానెడు పైకి పోయింది. జడ వేసుకోవడానికి 5 నెలలు పట్టింది. ఇది నెలలు తీసుకునే జబ్బు, కొందరికి ఏడాది దాటుతుంది. మధ్యలో మాన్పించొద్దు. షుగర్ అదుపులో ఉంచండి. డాక్టరు కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటే, కొన్ని రోజులు షుగర్ పెరగొచ్చు, ముందే అడిగి తెలుసుకోండి. భుజం నొప్పితో పాటు జ్వరం, వాపు, ఛాతీలో బరువు ఉంటే మాత్రం ముందు ఆసుపత్రికే.

డబ్బు ఇబ్బందైతే పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగంలో అడగండి. అమ్మగారిని చేతులు వదులుగా ఉన్న జాకెట్టు వేసుకుని వెళ్లమనండి, బిగుతుగా ఉంటే తీయడానికే ప్రాణం పోతుంది.