పేరు కొడితే ఇంటి అడ్రసు వచ్చేస్తోంది!

ప్రశ్న: ఫ్రిస్కోలో ప్రభుత్వ స్కూల్ టీచర్‌ని. మార్కుల దగ్గర గొడవపడిన ఒక పేరెంట్ మా ఇంటి ఫొటో పెట్టి "ఇల్లు బాగుంది" అని మెసేజ్ చేశారు. కౌంటీ సైట్‌లో నా పేరు కొడితే అడ్రసు వచ్చేస్తోంది. ఎవరికీ ఇవ్వొద్దని స్కూల్లో రాసిచ్చాను కదండీ, మరి ఇదెలా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.
- పేరు వద్దన్నారు, టెక్సాస్

జవాబు: ముందు ఆ మెసేజ్ డిలీట్ చెయ్యకండి. స్క్రీన్‌షాట్ తీసి ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, పోలీసులకూ చెప్పండి. అది మెచ్చుకోలు కాదు, మీ భయం న్యాయమైనదే.

టెక్సాస్‌లో ప్రభుత్వ ఉద్యోగులు చేరిన 14 రోజుల్లోపు ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు బయటికి ఇవ్వొద్దని రాసివ్వచ్చు, తర్వాతైనా మార్చుకోవచ్చు. కానీ అది స్కూల్ దగ్గరున్న కాగితాలకే వర్తిస్తుంది. పన్ను కోసం ఇంటికి విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ పూర్తిగా వేరే ఆఫీసు, వాళ్ల రికార్డు ఎవరైనా చూడొచ్చు.

అక్కడ దాచమని అడిగే ఫారం నంబరు 50-284. పోలీసులు, జడ్జీలు, గృహహింస బాధితులు, ఇలా ఎవరెవరు అర్హులో అందులోనే ఉంటుంది. ఎవరో పంపిన పాత పీడీఎఫ్ కాకుండా తాజా ఫారమే చూడండి, ఎందుకంటే బేసి సంవత్సరాల్లో చట్టసభ కూర్చున్నప్పుడు ఈ జాబితాకి కొత్తవాళ్లు చేరుతుంటారు. మీకు వర్తిస్తే ఈరోజే పంపండి. ఫ్రిస్కో కొల్లిన్, డెంటన్ రెండు కౌంటీల్లోనూ ఉంది కాబట్టి మీ ఇల్లు ఎటు వస్తుందో చూసుకుని మరీ పంపండి. నన్నడిగితే టీచరే కాదు, స్కూల్ బస్సు డ్రైవరుకీ, క్యాంటీన్‌లో వడ్డించే ఆవిడకీ ఈ హక్కు ఉండి తీరాలి, మీకు వర్తించకపోతే మీ నియోజకవర్గ ప్రతినిధికి ఆ మాటే రాయండి.

ఇంకో దారి, లాయరుతో మాట్లాడి ఇంటిని మీ పేరు కనిపించని ట్రస్టులోకి మార్చడం. సరిగ్గా రాయిస్తే హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతింట్లో ఉండేవాళ్లకిచ్చే ఇంటిపన్ను తగ్గింపు) పోదు. ఎల్‌ఎల్‌సీ, అంటే కంపెనీ పేరు మీద మాత్రం పెట్టకండి, ఆ మినహాయింపు పోయి పన్ను పెరుగుతుంది.

ఏం చేసినా కౌంటీ క్లర్క్ దగ్గర రిజిస్టరైన పాత డీడ్ (ఇంటి దస్తావేజు) అలాగే ఉంటుంది, ఈ ఫారం దాన్ని దాచదు. ఇల్లు ఇద్దరి పేరునా ఉంటే మీవారి పేరు కొట్టి కూడా చూడండి, చాలామంది ఇది మర్చిపోతారు.